డంపుల్లో ఉండిపోయిన ఒప్పందం
ఉత్తర ఐర్లండ్ శాంతి కథ: ఆరో భాగం

పోయిన వారం 1998 ఏప్రిల్ 10 దగ్గర ఆగాం. బెల్‌ఫాస్ట్ శివారులోని స్టార్మాంట్‌లో ఆ రోజు గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. ఆనాటి చివరి గంటల్లో జరిగిన ఒక సంగతిని ఈ వారానికని అట్టిపెట్టాను. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌తోనే ఉండాలనే అల్‌స్టర్ యూనియనిస్ట్ పార్టీ బృందంలో ఉన్న యువ ఎంపీ జెఫ్రీ డొనాల్డ్‌సన్ ఒప్పందం ఖాయం కాకముందే చర్చల భవనం నుంచి వెళ్లిపోయాడు. ఐర్లండ్ ఏకీకరణ కోసం పోరాడిన సాయుధ దళం ఐఆర్ఏ ఒక్క తుపాకీ కూడా దించకుండానే దాని రాజకీయ పక్షమైన సిన్‌ఫేన్ మంత్రివర్గంలో కూర్చోవచ్చునా అన్నది అతని ప్రధానమైన అభ్యంతరం. పార్టీ నాయకుడు డేవిడ్ ట్రింబుల్‌కూ అదే గుబులు. బ్రిటిష్ ప్రధాని టోనీ బ్లెయిర్ అప్పటికప్పుడు ఒక ఉత్తరం రాసిచ్చి ఆయనను ఒప్పించాడు. డొనాల్డ్‌సన్‌ను ఆ ఉత్తరం ఆపలేకపోయింది.

అభ్యంతరంలో పస ఉంది. ఆయుధాల గురించి ఒప్పందం చెప్పిందల్లా ఇంతే: ప్రజాభిప్రాయ సేకరణ ముగిసిన రెండేళ్లలోగా సాయుధ దళాలన్నీ ఆయుధాలు వదిలిపెట్టేలా పార్టీలు తమకున్న పలుకుబడిని ఉపయోగిస్తాయి. ఆ మాట ఇచ్చింది పార్టీలు. తుపాకులున్నది అజ్ఞాత దళాల దగ్గర. ఐఆర్ఏ ఆ కాగితం మీద సంతకం చేయలేదు, చేయమని ఎవరూ అడగనూ లేదు. ఆ గడువు 2000 మే 22. అసలు పని పూర్తయింది 2005 సెప్టెంబరులో. మధ్యలో మంత్రివర్గం కూలింది, లేచింది, మళ్లీ కూలింది. శాంతికి ప్రాణం పోసిన రెండు మధ్యేవాద పార్టీలు చితికిపోయాయి. ఈ వారం ఆ ఏళ్ల కథ.

ముందు ఆ ఆయుధాలు ఎక్కడివో చూద్దాం. మొదటి రోజుల్లో ఐఆర్ఏకు అమెరికాలోని ఐరిష్ సంతతి అభిమానులు పంపిన ఆర్మలైట్ రైఫిళ్లే పెద్ద దిక్కు. 1980లలో పరిస్థితి మారిపోయింది. బ్రిటన్ మీద పగతో ఉన్న లిబియా పాలకుడు గడాఫీ 1985, 86 సంవత్సరాల్లో నాలుగు విడతలుగా ఓడల్లో ఆయుధాలు పంపాడు. కలాష్నికోవ్ రైఫిళ్లు, భారీ మెషీన్‌గన్లు, విమానాలను కూల్చే క్షిపణులు, టన్నుల కొద్దీ సెమ్‌టెక్స్ పేలుడు పదార్థం ఐర్లండ్ తీరంలో దిగాయి. ఐదో ఓడ ‘ఎక్సుండ్’ 1987 నవంబరులో దాదాపు 150 టన్నుల సరుకుతో ఫ్రెంచి అధికారులకు పట్టుబడింది. అప్పుడుగానీ మొదటి నాలుగు ఓడల సంగతి లండన్‌కు, డబ్లిన్‌కు అర్థం కాలేదు. వచ్చిన సరుకంతా సరిహద్దుకు దక్షిణాన పొలాల కింద, కొట్టాల కింద డంపుల్లోకి వెళ్లిపోయింది.

డంపు అనే మాట మన పత్రికల పాఠకులకు కొత్త కాదు. ఐరిష్ రిపబ్లికన్ల చరిత్రలో దానికి ఒక పెద్ద సంప్రదాయమే ఉంది. 1923 మేలో అంతర్యుద్ధం ముగిసినప్పుడు ఓడిపోయిన ఐఆర్ఏ శత్రువుకు లొంగలేదు, ఆయుధాలు అప్పగించలేదు. వాటిని దాచేసి ఇళ్లకు వెళ్లమని దాని అధిపతి ఫ్రాంక్ ఐకెన్ ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పక్షానికి రాజకీయ నాయకుడైన డి వలేరా తొమ్మిదేళ్లు తిరగకుండానే ఎన్నికల్లో గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేశాడు. ఐకెన్ అదే ప్రభుత్వంలో రక్షణ మంత్రి అయ్యాడు. మళ్లీ 1962లో సరిహద్దు దాడుల ఉద్యమం విఫలమైనప్పుడూ అంతే: తుపాకులు దాచి ఇళ్లకు పోయారు. యుద్ధం ఆపడం ఒకటి, తుపాకీ అప్పగించడం వేరొకటి. మొదటిది తమ చేతిలోని నిర్ణయం, రెండోది ఓటమి ఒప్పుకోలు. ఐఆర్ఏ కార్యకర్తకు ఇది ఉగ్గుపాలతో వచ్చిన నమ్మకం.

దీనికి తోడు 1969 ఆగస్టు జ్ఞాపకం ఉంది. పశ్చిమ బెల్‌ఫాస్ట్‌లో క్లోనార్డ్ మఠం పక్కనే ఉన్న బాంబే స్ట్రీట్ అనే కేథలిక్కుల వీధిని ప్రొటెస్టెంటు మూకలు తగలబెట్టాయి. పోలీసులు కాపాడలేదు. కాపాడాల్సిన ఐఆర్ఏ దగ్గర ఆనాడు చెప్పుకోదగ్గ తుపాకులే లేవు. ఆ అవమానంలోంచే ఆ ఏడాది డిసెంబరులో ప్రొవిజనల్ ఐఆర్ఏ పుట్టింది. ఇళ్లు కాలిపోయిన వీధివాళ్లను పాతికేళ్ల తర్వాత పిలిచి తుపాకులు ఇచ్చెయ్యండి అంటే వాళ్ల చెవికి ఎలా వినిపిస్తుందో ఊహించవచ్చు. ‘ఒక్క తూటా ఇవ్వం, ఒక్క ఔన్సు ఇవ్వం’ అని గోడల మీద రాతలు వెలిశాయి. ఔన్సు అంటే సెమ్‌టెక్స్.

రెండో వైపు కూడా అంతే బరువుతో చూడాలి. పదిహేను లక్షల జనాభా ఉన్న చిన్న ప్రాంతంలో ముప్పై ఏళ్లలో సుమారు 3,500 మంది చనిపోయారు. పోలీసుల్లోనే 300 మందికి పైగా. వాళ్లలో చాలామంది ప్రొటెస్టెంట్లు, ఊళ్లో అందరికీ తెలిసినవాళ్లు. తన భర్తను కాల్చిన తుపాకీ ఇంకా పక్క ఊరి పొలంలో నూనె రాసి భద్రంగా ఉందని తెలిసిన భార్యకు, ఆ దళం తరఫు మనిషి మంత్రి అవుతున్నాడంటే మనసు ఎలా ఒప్పుకుంటుంది? ‘తుపాకులు లేకుంటేనే ప్రభుత్వం’ అన్న యూనియనిస్టుల పట్టు వెనక ఉన్నది రాజకీయ ఎత్తుగడ ఒక్కటే కాదు. ఈ రెండు బాధల్లో ఏ ఒక్కదాన్ని తక్కువ చేసినా ఈ చరిత్ర అర్థం కాదు.

కథ అడ్డం తిరిగింది 1995 మార్చిలో అని నా అభిప్రాయం. అంతకు ముందు ఏడాది ఆగస్టు 31న ఐఆర్ఏ కాల్పులు విరమించింది. అక్టోబరు 13న బ్రిటన్ పక్షాన ఉన్న ప్రొటెస్టెంటు సాయుధ దళాలు, అంటే లాయలిస్టు దళాలూ విరమించాయి. అంతా చర్చల కోసం ఎదురు చూస్తున్న వేళ బ్రిటన్ మంత్రి పాట్రిక్ మేహ్యూ వాషింగ్టన్ వెళ్లి మూడు షరతులు ప్రకటించాడు. సూత్రప్రాయంగా నిరాయుధీకరణకు ఒప్పుకోవాలి. అది ఎలా జరగాలో మాట్లాడుకోవాలి. చర్చల బల్ల దగ్గరికి రాకముందే కొన్ని ఆయుధాలైనా నిజంగా వదిలిపెట్టాలి. మొదటి రెండూ దాటగలిగినవే. మూడోది మాత్రం చర్చల ఫలితంగా రావలసినదాన్ని చర్చలకు ప్రవేశ రుసుముగా అడిగింది. అప్పటి ప్రధాని జాన్ మేజర్ ప్రభుత్వానికి పార్లమెంటులో బొటాబొటి మెజారిటీ, యూనియనిస్టు ఎంపీల మద్దతు అవసరం. అందుకని ఒకసారి బహిరంగంగా పెట్టిన షరతును వెనక్కి తీసుకునే ధైర్యం దానికి లేకపోయింది.

ముడి విప్పడానికి ముగ్గురు విదేశీయులను పిలిచారు: అమెరికా మాజీ సెనేటర్ జార్జి మిచెల్, ఫిన్లండ్ మాజీ ప్రధాని హర్రి హోల్కెరి, కెనడా మాజీ సైన్యాధిపతి జాన్ డి షాస్టలేన్. వాళ్లు 1996 జనవరిలో నివేదిక ఇచ్చారు. చర్చలకు ముందు ఏ దళమూ ఆయుధాలు వదలదు, చర్చలు ముగిసేదాకా ఆగడానికి యూనియనిస్టులు ఒప్పుకోరు, కాబట్టి చర్చలు జరుగుతుండగానే ఆ పనీ జరగాలి అన్నారు. హింసను వదులుకుంటామని పార్టీలన్నీ ఒప్పుకోవలసిన ఆరు సూత్రాలూ రాశారు. మేజర్ మాత్రం ముందు ఎన్నికలు పెడదాం అంటూ కొత్త పల్లవి ఎత్తుకున్నాడు. ఫిబ్రవరి 9 సాయంత్రం లండన్ డాక్‌లాండ్స్‌లో లారీ బాంబు పేలింది. ఇద్దరు చనిపోయారు. పదిహేడు నెలల కాల్పుల విరమణ ముగిసింది. బాంబు పెట్టిన నేరం నూటికి నూరు పాళ్లూ ఐఆర్ఏదే, ఆ రెండు ప్రాణాలకు అది బాధ్యత వహించాలి. అయినా మిచెల్ నివేదికను ఉన్నదున్నట్టు అమలు చేసి ఉంటే అన్న ప్రశ్న నన్ను వదలదు.

1997లో బ్లెయిర్ గెలిచాడు, జూలైలో విరమణ మళ్లీ మొదలైంది. ఆ ఏడాదే లండన్, డబ్లిన్ ప్రభుత్వాలు చేసిన ఒక పని పైకి చిన్నదిగా కనిపిస్తుంది, కానీ మొత్తం కథకు ఇరుసు అదే. రెండు పార్లమెంటులూ చట్టాలు చేశాయి. వాటి ప్రకారం ఆయుధాలు వదిలే క్రమంలో వాటిని మోసినవాళ్ల మీద, దాచినవాళ్ల మీద కేసు పెట్టరు. అప్పగించిన తుపాకీని ఫోరెన్సిక్ పరీక్షకు పంపరు, దాని మీది వేలిముద్రలను ఏ కోర్టులోనూ సాక్ష్యంగా వాడరు. అంటే ఎన్నో హత్యల సాక్ష్యాలు ఆ ఇనుముతో పాటే పోతాయి. చనిపోయినవాళ్ల కుటుంబాలు చెల్లించిన మూల్యం ఇది. పనిని పర్యవేక్షించడానికి స్వతంత్ర అంతర్జాతీయ సంఘం ఏర్పడింది, దాని అధ్యక్షుడు డి షాస్టలేన్. పోలీసులకు గానీ సైన్యానికి గానీ ఇందులో పాత్ర లేదు. తుపాకీ బ్రిటిష్ సైనికుడి చేతికి వెళ్లనక్కర్లేదు కనుక దాన్ని లొంగుబాటు అనే వీలూ లేదు.

మొదట ముందుకొచ్చింది లాయలిస్ట్ వాలంటీర్ ఫోర్స్ అనే చిన్న దళం. 1998 డిసెంబరులో కొద్దిపాటి తుపాకులు ఇచ్చింది, కెమెరాల ముందు వాటిని రంపాలతో కోశారు. ఆ దృశ్యం చూసి యూనియనిస్టులు ఐఆర్ఏ నుంచీ అలాంటిదే కావాలన్నారు. ఐఆర్ఏ అలాంటిది ఎన్నటికీ జరగనివ్వకూడదని నిశ్చయించుకుంది.

1999 నవంబరు 27న ట్రింబుల్ తన పార్టీ మండలిని 480–349 ఓట్లతో ఒప్పించి సిన్‌ఫేన్‌తో కలిసి ప్రభుత్వంలోకి వెళ్లాడు. ఫిబ్రవరికల్లా ఆయుధాలు కదలకపోతే తన పదవి చెల్లదంటూ ముందుగానే రాజీనామా లేఖ రాసి పార్టీ చేతిలో పెట్టాడు. డిసెంబరు 2న కొత్త మంత్రివర్గం వచ్చింది. ఒకప్పటి ఐఆర్ఏ కమాండర్ మార్టిన్ మెగిన్నెస్ విద్యాశాఖ మంత్రి అయ్యాడు. ఫిబ్రవరి వచ్చింది, ఆయుధాలు రాలేదు. 72 రోజులకు లండన్ ఆ ప్రభుత్వాన్ని నిలిపివేసింది.

ఆ ప్రతిష్టంభనలో పుట్టిన ఉపాయం ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 2000 మే 6న ఐఆర్ఏ ఒక ప్రకటన చేసింది. కింద ఎప్పటిలాగే పి. ఓనీల్ అనే మారుపేరు. తన ఆయుధాలు ఇక పనికి రాకుండా, సరిచూసుకోగలిగే పద్ధతిలో పక్కన పెడతానని అందులో ఉంది. అప్పగింత అన్న మాట లేదు. నమ్మకం కోసం కొన్ని డంపులను ఇద్దరు బయటివాళ్లకు చూపిస్తామంది. ఒకరు ఫిన్లండ్ మాజీ అధ్యక్షుడు మార్టి అహ్తిసారి. రెండోవాడు దక్షిణాఫ్రికా నుంచి సిరిల్ రామఫోసా, ఏఎన్‌సీ తరఫున తెల్ల ప్రభుత్వంతో బేరసారాలు నడిపిన మనిషి. రిపబ్లికన్లు ఏఎన్‌సీని తమ సోదర ఉద్యమంగా చూసేవాళ్లు, కనుక ఆయన మాట వాళ్లకు చెల్లుతుంది. అహ్తిసారి మాట లండన్‌కు చెల్లుతుంది. ఇద్దరూ జూన్‌లో డంపులు చూశారు. ఇకపై ఆ ఆయుధాలను తీస్తే తమకు తెలిసిపోయేలా ఏర్పాటు చేశామని, అవి భద్రంగా ఉన్నాయని నివేదించారు. తర్వాత మరో రెండుసార్లు వెళ్లి చూశారు, ఎక్కడివక్కడే ఉన్నాయన్నారు. ఒక్క తుపాకీ కూడా నాశనం కాలేదు. అయినా ఐఆర్ఏ తన రహస్య స్థావరాల తలుపు బయటివాళ్లకు తెరవడం అదే మొదటిసారి. తలుపు తెరుచుకున్నాక మిగిలింది కాలం సంగతే.

అది చాలా కాలం పట్టింది. ప్రభుత్వం మళ్లీ మొదలైంది, కానీ 2001 జూలైలో ట్రింబుల్ మొదటి మంత్రి పదవికి రాజీనామా చేశాడు. ఆగస్టులో ముగ్గురు ఐరిష్ రిపబ్లికన్లు కొలంబియాలో ఫార్క్ గెరిల్లాల ప్రాంతం నుంచి వస్తూ బొగోటాలో పట్టుబడ్డారు. సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట భవనాలు కూలాయి. దాంతో అమెరికాలో సాయుధ పోరాటానికి చందాలిచ్చే వాతావరణం రాత్రికి రాత్రే మారిపోయింది. అక్టోబరు 23న ఐఆర్ఏ మొదటి విడత ఆయుధాలను పనికి రాకుండా చేసింది. 2002 ఏప్రిల్‌లో రెండో విడత. ఆ అక్టోబరులో గూఢచర్యం ఆరోపణలతో మంత్రివర్గం మళ్లీ పడిపోయింది.

2003 అక్టోబరు 21 గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆ రోజు ఎవరు ఎప్పుడు ఏం ప్రకటించాలో ముందే కుదుర్చుకున్నారు: ఉదయం ఎన్నికల తేదీ, తర్వాత సిన్‌ఫేన్ నాయకుడు జెరీ ఆడమ్స్ ప్రసంగం, తర్వాత ఐఆర్ఏ మూడో విడత, చివర ట్రింబుల్ ఆమోదం. డి షాస్టలేన్ డంపు దగ్గరి నుంచి నేరుగా హిల్స్‌బరో కోటకు వచ్చి విలేఖరుల ముందు నిలబడ్డాడు. ఈసారి పరిమాణం ముందటి విడతకంటే ఎక్కువ అన్నాడు. ఎన్నెన్ని అని అడిగితే చెప్పలేనన్నాడు. గోప్యత కావాలని ఐఆర్ఏ పట్టుబట్టింది, చట్టం అందుకు వీలిచ్చింది, ఆయన మాట తప్పే మనిషి కాదు. గంట తిరక్కుండా ట్రింబుల్ వెనక్కి తగ్గాడు. ఆయుధాలు నిజంగానే పోయాయి. అయినా జనానికి చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. నవంబరు ఎన్నికల్లో యూనియనిస్టుల్లో ఇయాన్ పేస్లీ నడిపే డీయూపీకి 30 సీట్లు, ట్రింబుల్ పార్టీకి 27. కేథలిక్కుల్లో సిన్‌ఫేన్‌కు 24, జాన్ హ్యూమ్ పెంచిన ఎస్‌డీఎల్‌పీకి 18. ట్రింబుల్, హ్యూమ్ ఇద్దరూ 1998 నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నవాళ్లు. ఐఆర్ఏ తనకు తీరిక చిక్కినప్పుడు ఒక్కో విడత వదులుతూ పోతే ఆ జాప్యానికి మూల్యం చెల్లించింది శాంతిని నమ్మినవాళ్లే. ఈ విషయంలో రిపబ్లికన్ నాయకత్వాన్ని నేను క్షమించలేను.

ఇక పేస్లీతో బేరం. 2004 చివరికి అంతా దాదాపు కుదిరింది. ఆయన ఒక్కటి పట్టుకున్నాడు: ఆయుధాల నాశనానికి ఫోటోలు కావాలి. ఐఆర్ఏ కాదంది. నవంబరులో బాలీమీనా సభలో పేస్లీ, ఐఆర్ఏ గోనెపట్ట కట్టుకుని బూడిద పూసుకుని తప్పు ఒప్పుకోవాలని, అదీ నలుగురి ఎదుట జరగాలని ప్రసంగించాడు. ఆ మాటతో ఫోటో సాక్ష్యం కాకుండా పోయింది, శిక్షగా మారింది. డిసెంబరులో ఒప్పందం చెదిరింది.

సరిగ్గా ఆ ఏడాది అక్టోబరులోనే, 15 నుంచి 18 దాకా, హైదరాబాద్ మంజీరా అతిథిగృహంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మావోయిస్టు, జనశక్తి ప్రతినిధులతో కూర్చుంది. అక్కడా చివరికి గొంతుకు అడ్డం పడినవాటిలో ఆయుధాలు ఒకటి. దళాలు ఊళ్లలో తుపాకులతో తిరగకూడదని ప్రభుత్వం, తుపాకీ వదిలే ప్రసక్తి లేదని వాళ్లు. జనవరికల్లా ఎన్‌కౌంటర్లు మొదలై చర్చలు ముగిసిపోయాయి. ఎస్.ఆర్. శంకరన్ నడిపిన పౌర స్పందన వేదిక ఎంతో శ్రమించి రెండు పక్షాలను ఆ గదిలోకి తెచ్చింది. డి షాస్టలేన్ సంఘానికి చట్టం ఇచ్చిన అధికారం లాంటిది మాత్రం ఆ పెద్దమనుషులకు ఎవరూ ఇవ్వలేదు. రెండు పోరాటాలూ ఒకటి కావు, వాటి కారణాలు వేరు. ఆ ఒక్క తేడాను మాత్రం మన చరిత్రకారులు ఇంకా లోతుగా చూడాలి.

బెల్‌ఫాస్ట్‌కు తిరిగి వస్తే, డిసెంబరు 20న నార్దర్న్ బ్యాంకులో 2.65 కోట్ల పౌండ్ల దోపిడీ జరిగింది. పోలీసులు ఐఆర్ఏనే వేలెత్తి చూపారు. జనవరి చివర బెల్‌ఫాస్ట్ బార్ దగ్గర జరిగిన గొడవలో ఐఆర్ఏ మనుషులు ఒక కేథలిక్కు యువకుణ్ణి పొడిచి చంపారు, సాక్షులను బెదిరించారు. అతని అక్కచెల్లెళ్లు నోరు మూసుకోలేదు. సొంత పేటలోనే ఐఆర్ఏను నిలదీశారు, వైట్‌హౌస్ దాకా వెళ్లి చెప్పారు. చంపినవాళ్లను కాల్చిపారేస్తామని ఐఆర్ఏ ఆ కుటుంబానికి ప్రతిపాదించింది. న్యాయం కావాలి, తూటాలు వద్దు అని వాళ్లు తిప్పికొట్టారు. పదేళ్లుగా ప్రధానులూ సెనేటర్లూ చేయలేని పనిలో సగం ఆ ఆడపడుచులు చేశారని నేను నమ్ముతాను. ఇళ్లను కాపాడటానికి పుట్టామన్న దళం నుంచి ఇప్పుడు ఇళ్లనే కాపాడుకోవలసి వచ్చిందని సొంత జనమే చూశారు. 1969 నుంచి వచ్చిన నైతిక బలం అక్కడితో కరిగిపోయింది.

2005 జూలై 28న ఐఆర్ఏ సాయుధ పోరాటం ముగించింది. అన్ని దళాలూ ఆయుధాలు పక్కన పెట్టాలన్న ఆదేశాన్ని మాజీ ఖైదీ ఒకరు కెమెరా ముందు ముఖం చూపిస్తూ చదివారు. సెప్టెంబరులో డి షాస్టలేన్, అమెరికన్ ఆండ్రూ సెన్స్, ఫిన్లండ్ సైనికాధికారి టావ్నో నీమినెన్ రహస్య ప్రదేశాల్లో రోజుల తరబడి పని చేశారు. ఫోటోగ్రాఫర్ స్థానంలో ఇద్దరు సాక్షులున్నారు. ఒకరు మెథడిస్టు చర్చి మాజీ అధ్యక్షుడు హెరాల్డ్ గుడ్. రెండోవారు ఫాదర్ అలెక్ రీడ్, బాంబే స్ట్రీట్ పక్కనున్న ఆ క్లోనార్డ్ మఠం సన్యాసి. 1988 మార్చిలో ఐఆర్ఏ చంపిన ఇద్దరు బ్రిటిష్ కార్పొరల్స్‌కు పక్కనే మోకరిల్లి అంతిమ ప్రార్థన చేసింది ఆయనే. హ్యూమ్‌కూ ఆడమ్స్‌కూ మధ్య రహస్య సంభాషణ మొదలవడానికి కారకుడూ ఆయనే. పక్షానికొక సాక్షి కావాలన్న లెక్క మాత్రమే అయితే వేరే ఎవరైనా సరిపోయేవారు. ఈ ఇద్దరూ ఏళ్ల తరబడి ఆ హింసను దగ్గరి నుంచి చూసినవాళ్లు.

సెప్టెంబరు 26న డి షాస్టలేన్ ప్రకటించాడు: ఐఆర్ఏ ఆయుధాలన్నీ పనికి రాకుండా పోయాయి, భద్రతా దళాల అంచనాలతో సరిపోల్చి చూసుకున్నాం. అప్పట్లో బయటికి వచ్చిన అంచనాల ప్రకారం అందులో వెయ్యి రైఫిళ్లు, మూడు టన్నుల సెమ్‌టెక్స్, ఇరవై ముప్పై భారీ మెషీన్‌గన్లు, ఏడు క్షిపణులు ఉన్నాయి. లెక్కలు మాత్రం ఆయన చదవలేదు. పేస్లీ ఒప్పుకోలేదు. ఫోటో లేదు, జాబితా లేదు, సాక్షులు ఐఆర్ఏ అంగీకరించినవాళ్లు, కనుక వాళ్లను స్వతంత్రులు అనలేం అన్నాడు. ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం, చూడనిదాన్ని నమ్మమని అడగడం పెద్ద కోరికే. అయితే ఆ ఫోటో తీసి ఉంటే అది ప్రతి కేథలిక్కు పేటలో గోడకెక్కి, అసమ్మతి దళాలకు కుర్రాళ్లను చేర్చిపెట్టే పోస్టరు అయ్యేదని నా అనుమానం. ఓమాలో 1998 ఆగస్టులో 29 మందిని చంపిన బాంబు పెట్టింది అలాంటి చీలిక దళమే.

పేస్లీ కాదన్నా 20 నెలల తర్వాత, 2007 మే 8న, మొదటి మంత్రిగా మెగిన్నెస్ పక్కన కూర్చున్నాడు. ఆ నాటికి ట్రింబుల్ రాజకీయంగా కనుమరుగయ్యాడు. 2005 మేలోనే ఎంపీ సీటు పోయింది.

రెండో వైపు తుపాకులు మాత్రం అప్పటికి ఇంకా ఎక్కడివక్కడే ఉండిపోయాయి. వెయ్యి మందికి అటూ ఇటూగా చంపిన లాయలిస్టు దళాలు, యూవీఎఫ్, యూడీఏలు, 2005లో ఒక్క పిస్తోలు కూడా దించలేదు. వాళ్లను ఇవ్వమని అడిగే గొంతులూ అంత గట్టిగా వినిపించలేదు. చట్టం గడువు 2010 ఫిబ్రవరిలో ముగుస్తుందనగా షాంకిల్ రోడ్డులో మొదలైన పరుగు, దాని వెనక నడిచిన బేరాలు వచ్చే వారం.